అమెరికాలో గుడి కట్టడం: ప్రభుత్వం ఏం అడగొచ్చు, ఏం అడక్కూడదు (నా అనుభవం)

గుడి కమిటీలో కొత్తగా చేరినవాళ్లందరూ ఒకటే అడుగుతారు: "ఇక్కడ మతానికీ ప్రభుత్వానికీ సంబంధం లేదంటారు కదా, మరి ఇన్ని పర్మిషన్లు దేనికి?" రిజిస్ట్రేషన్ నుంచి ప్రతిష్ఠ దాకా మా గుడి కాగితాల పని చూసినవాడిగా దానికి జవాబు రాస్తున్నాను. వేరే ఊళ్లో గుడి మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుంది. రాష్ట్రాన్నిబట్టి, కౌంటీనిబట్టి నియమాలు మారతాయి కాబట్టి సంతకం పెట్టేముందు స్థానిక లాయరుకు చూపించుకోండి.

అసలు సూత్రం అమెరికా రాజ్యాంగ మొదటి సవరణలో ఉంది, 1791 నాటిది. అందులో మతం గురించిన వాక్యానికి రెండు భాగాలున్నాయి. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికంగా నెలకొల్పకూడదు. ఎవరి మతాచరణకూ అడ్డు తగలకూడదు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య ఉందని అందరూ చెప్పే "గోడ" మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అది 1802లో అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు (ఒక క్రైస్తవ శాఖవాళ్లకు) రాసిన ఉత్తరంలోది. 1940లో ఒక తీర్పు, 1947లో ఇంకో తీర్పు ఈ రెండు భాగాలనూ రాష్ట్రాలకు, ఊళ్లకు కూడా వర్తింపజేశాయి. కాబట్టి మీ టౌన్‌షిప్‌లో కట్టడాలకు అనుమతులిచ్చే ప్లానింగ్ బోర్డుకు కూడా ఈ కట్టుబాటు ఉంది.

పనిలో దీని అర్థం ఇది. కార్లు, నీళ్లు, నిప్పు, డబ్బు గురించి అధికారి ఎన్ని ప్రశ్నలైనా వేయొచ్చు. దేవుడి గురించి, పూజ సరైనదా కాదా అన్నదాని గురించి అడక్కూడదు. మొదటి రకం ప్రశ్నలకు లెక్కలతో సమాధానం ఇవ్వాలి. రెండో రకం ప్రశ్న వస్తే అది రికార్డులోకి ఎక్కేలా చూసుకోవాలి. కమిటీ నేర్చుకోవాల్సిన విద్య ఇదే.

ముందు రిజిస్ట్రేషన్. రాష్ట్రంలో నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్‌గా నమోదు చేయించి, ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) దగ్గర ఈఐఎన్, అంటే సంస్థకు పన్ను నంబరు, తీసుకోవాలి. ఆ తర్వాత 501సి3, అంటే ధార్మిక సంస్థలకు ఇచ్చే పన్ను మినహాయింపు హోదా. చర్చి నిర్వచనంలోకి వచ్చే సంస్థకు, అంటే గుడికీ మసీదుకీ గురుద్వారాకీ, దరఖాస్తు పెట్టకుండానే పన్ను మినహాయింపు ఉంది. చట్టమే అలా రాసింది. అయినా ఆ హోదాకు దరఖాస్తు అయిన ఫారం 1023 పెట్టి, గుర్తింపు ఉత్తరం తెప్పించుకోండి. అర్చకుల వీసాకు ఆ ఉత్తరం కావాలి, ఉద్యోగి విరాళానికి జతగా కంపెనీలు ఇచ్చే మ్యాచింగ్ విరాళాలకు కావాలి, బ్యాంకు లోనుకు కావాలి. ఫీజు 600 డాలర్లు, ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. తేలిగ్గా ఉంటుందని 275 డాలర్ల ఈజీ ఫారం పెట్టబోతారు కొందరు. చర్చిగా గుర్తింపు కోరేవాళ్లకు అది చెల్లదు.

ఫారం 1023లో షెడ్యూల్ ఏ అని ఒక భాగం ఉంటుంది. మీకంటూ ఒక విశ్వాస ప్రకటన ఉందా, పూజావిధానం ఏమిటి, క్రమంగా వచ్చే భక్తసమాజం ఉందా, పూజారులకు శిక్షణ ఎక్కడ అని అడుగుతుంది. చదవగానే ఇది మన మతాన్ని తూకం వేస్తున్నట్టు అనిపిస్తుంది. వాళ్లు చూస్తున్నది మాత్రం సంస్థ నిజంగా నడుస్తోందా లేదా అనే. నమ్మకం నిజమా అబద్ధమా తేల్చే అధికారం ప్రభుత్వానికి లేదని 1944లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. అందుకని జవాబుల్లో వేదాంతం రాయకండి. సుప్రభాతం ఎన్నింటికి, ఏకాంతసేవ ఎన్నింటికి, శనివారం ఎంతమంది వస్తారు, అర్చకుడు ఏ వేద పాఠశాలలో ఎన్నేళ్లు చదివాడు, ఏ ఆగమం ప్రకారం పూజ జరుగుతుంది, పిల్లలకు బాలవిహార్ ఏ రోజు అన్నవి రాయండి.

బైలాస్ (సంస్థ నియమావళి) దగ్గర తొందరపడితే పదేళ్ల తర్వాత బాధపడతారు. ఆంధ్రలో, తెలంగాణలో గుడికి దేవాదాయ శాఖ ఉంటుంది, ఈవో ఉంటాడు, గొడవొస్తే 1987 నాటి చట్టం ఉంటుంది. ఇక్కడ అలాంటి శాఖ ఉండటానికి వీల్లేదు. దానివల్ల స్వేచ్ఛ వస్తుంది, కానీ గొడవొస్తే తీర్చే పెద్దలు ఉండరు. ట్రస్టీలు రెండు వర్గాలైతే కోర్టుకు వెళ్లాలి. కోర్టు మతపరమైన ప్రశ్న ముట్టుకోదు. మామూలు కార్పొరేషన్‌కు వర్తించే సూత్రాలతో మాత్రమే చూస్తుంది, దీనికి 1979 నాటి జోన్స్ వర్సెస్ వుల్ఫ్ తీర్పు ఆధారం. పూజ ఏ ఆగమం ప్రకారం, వైఖానసమా పాంచరాత్రమా అని అడిగితే జడ్జి చేతులెత్తేస్తాడు. మీటింగు నోటీసు బైలాస్‌లో రాసినన్ని రోజుల ముందు పంపారా, కోరం (కనీస హాజరు) ఉందా, ఓటు హక్కున్న సభ్యులెవరు అన్నవి మాత్రం తేలుస్తాడు. అందువల్ల సభ్యుడు ఎవరో, ఏ తేదీకి చందా కట్టి ఉండాలో, ట్రస్టీని ఎలా తీసేయాలో స్పష్టంగా రాయండి. ఆగమ విషయాల్లో చివరి మాట ఎవరిదో కూడా రాయండి, ప్రధానార్చకుడిదో ఫలానా పీఠానిదో. అది రాసి ఉంటే కోర్టు దాన్ని గౌరవిస్తుంది. సంస్థ మూతపడితే ఆస్తి ఇంకో 501సి3కే పోవాలన్న క్లాజు లేకపోతే ఐఆర్‌ఎస్ నుంచి ప్రశ్న తప్పక వస్తుంది.

ఇక స్థలం. సగం గుళ్లు ఇక్కడే ఇరుక్కుంటాయి.

ఎకరాలు చూడకముందే ఆ ఊరి జోనింగ్ కోడ్ (భూవినియోగ నియమాలు) తెరిచి, ఏ జోన్‌లో ఏది కట్టుకోవచ్చో చెప్పే పట్టిక చూడండి. ప్రార్థనాస్థలం నేరుగా అనుమతించే జోన్ కొన్నిచోట్ల ఉంటుంది. చాలాచోట్ల స్పెషల్ యూజ్ పర్మిట్ కావాలంటారు, అంటే బహిరంగ విచారణ. అదే పట్టికలో క్లబ్బులు, లాడ్జి హాళ్లు, బాంక్వెట్ హాళ్లు, థియేటర్లు ఏ వరుసలో ఉన్నాయో కూడా చూసి ప్రింటు తీసి పెట్టుకోండి. వాటికి నేరుగా అనుమతి ఉండి గుడికి మాత్రం లేకపోతే అది చట్టవిరుద్ధం కావచ్చు. ఆ చట్టం 2000 సెప్టెంబరు 22న క్లింటన్ సంతకం చేసిన రెలిజియస్ లాండ్ యూజ్ అండ్ ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ పర్సన్స్ యాక్ట్. లాయర్లు ఆర్‌లూపా అంటారు. ఇది చెప్పేవి స్థూలంగా నాలుగు: మతాచరణ మీద గట్టి భారం వేయాలంటే ప్రభుత్వానికి అత్యవసరమైన కారణం ఉండాలి, అదీ అతి తక్కువ భారంతో చేయాలి, మతేతర సభలకంటే మతసభలను తక్కువగా చూడకూడదు, ఒక మతాన్ని ఇంకో మతంతో పోల్చి తేడా చూపకూడదు, ఊళ్లో ఎక్కడా ప్రార్థనాస్థలానికి చోటు లేకుండా చేయకూడదు.

ఈ చట్టం ఉంది కదా అని ఏ స్థలం పడితే ఆ స్థలం కొనేయకండి. గుడికి వీల్లేని జోన్ అని తెలిసీ కొంటే, తర్వాత "మా మీద భారం వేశారు" అన్న వాదన బలహీనపడుతుంది. ఇల్లినాయ్ నార్త్‌బ్రూక్‌లో ఒక చర్చి ఇలాగే ఓడిపోయింది, 2007లో. కొనుగోలు ఒప్పందంలో పర్మిట్ వస్తేనే క్లోజింగ్ (డబ్బు కట్టి భూమి రాయించుకోవడం) అన్న షరతు పెట్టించండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే గడువు పొడిగించుకునే హక్కుకైనా కొంత డబ్బు కట్టండి. భూమి కొన్నాక పర్మిట్ రాక వడ్డీలు కడుతూ కూర్చున్న కమిటీలు ఉన్నాయి.

పార్కింగ్ లెక్క జాగ్రత్తగా చేయాలి, ఎందుకంటే కోడ్ చర్చిని మనసులో పెట్టుకుని రాసింది. "మూడు సీట్లకు ఒక కారు" అంటుంది. మన మందిరంలో బెంచీలు ఉండవు, నేలమీద కూర్చుంటారు, సీట్లు లెక్కపెట్టడానికి ఏమీ లేవు. అప్పుడు ఇంజినీరు విస్తీర్ణాన్నిబట్టి జనాన్ని లెక్కిస్తాడు. 3000 చదరపు అడుగుల హాలు అనుకుందాం. బిల్డింగ్ కోడ్‌లో దగ్గరగా వేసిన కుర్చీల కొలత, మనిషికి 7 చదరపు అడుగులు, తీసుకుంటే 428 మంది, 143 కార్లు. బల్లలు కుర్చీలు విడివిడిగా ఉండే కొలత, మనిషికి 15, తీసుకుంటే 200 మంది, 67 కార్లు. దారితో కలిపి ఒక్కో కారుకు 300 నుంచి 350 చదరపు అడుగులు పోతుంది కాబట్టి 143 కార్లంటే దాదాపు ఎకరం, ఇంకా పైన కూడా తారే. ఆ తారు మీద పడే వాన నీటికి మళ్లీ ఒక చెరువు తవ్వాలి. ఏ కొలత వాడాలన్నది మొదటి మీటింగులోనే జోనింగ్ ఆఫీసరు చేత రాతపూర్వకంగా తేల్చుకోండి. ప్రదక్షిణకు వదిలిన చోటు, గర్భగుడి, వంటగది, చెప్పుల గది హాలు లెక్కలోంచి తీసేయించండి.

ఈ లెక్క ఎంత పెద్ద గొడవకు దారితీయగలదో న్యూజెర్సీ బెర్నార్డ్స్ టౌన్‌షిప్ మసీదు కేసు చూస్తే తెలుస్తుంది. 150 మందికి మూడుకొకటి చొప్పున 50 కార్లు చాలాలి. బోర్డు 107 అడిగింది. ఆ మూడుకొకటి లెక్క చర్చిలకే వర్తిస్తుందన్నది దాని వాదన. 39 విచారణలు జరిపి చివరికి కాదంది. 2016 చివరి రోజున ఫెడరల్ జడ్జి ఆ తేడా చెల్లదన్నాడు. 2017లో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లకు రాజీపడింది. మీ ప్లానింగ్ బోర్డు లాయరుకు ఈ కేసు తెలిసే ఉంటుంది. మీ లాయరు మర్యాదగా ఒక ఉత్తరంలో ప్రస్తావిస్తే చాలు.

విచారణ రోజు సంగతి. కోర్టు రిపోర్టరును (మాటలన్నీ రాసుకునే మనిషిని) మీ ఖర్చుతోనైనా పెట్టుకోండి, ప్రతి మాటా అక్షరాలా ఉండాలి. ట్రాఫిక్ ఇంజినీరు, సివిల్ ఇంజినీరు, ఆర్కిటెక్టు సాక్ష్యం చెప్పాలి. గుడి పద్ధతులు చెప్పడానికి కమిటీ నుంచి ఒక్కరే నిలబడాలి. పొరుగువాళ్లు అడిగేవి దాదాపు అన్నిచోట్లా ఒకటే: శబ్దం, వెలుతురు, ట్రాఫిక్, పొగ, ఇళ్ల ధరలు. మా విచారణలో ఒకాయన "ఆ విగ్రహాలకు బలులిస్తారా" అని మైకులో అడిగాడు. మా లాయరు లేచి, ఈ ప్రశ్న భూవినియోగానికి సంబంధించింది కాదని అభ్యంతరం రికార్డు చేయించి కూర్చున్నాడు. మేం జవాబు చెప్పలేదు. చెప్పాలన్న ఉబలాటం కమిటీలో అందరికీ ఉంటుంది, ఆపుకోవాలి. బోర్డు సభ్యులే అలాంటి మాట అంటే అది తర్వాత కోర్టులో మీకు సాక్ష్యం. మొదటి రోజే "వివక్ష" అన్న మాట వాడకండి. బోర్డులో ఎక్కువమంది ఊరి పనిమీద ఉచితంగా కూర్చునే మామూలు మనుషులు, వాళ్లను దూరం చేసుకోవడంలో లాభం లేదు.

పండగ రోజుల సంగతి మీరే ముందుగా చెప్పండి. జనవరి 1, వైకుంఠ ఏకాదశి, శివరాత్రి, బ్రహ్మోత్సవాలు అని తేదీలతో జాబితా ఇచ్చి, ఆ రోజుల్లో దగ్గరి స్కూలు పార్కింగ్ నుంచి షటిల్ బస్సులు, ట్రాఫిక్ పోలీసు ఖర్చు మాదేనని షరతుగా రాసివ్వండి. బయట లౌడ్‌స్పీకర్లు ఉండవని, లైట్లు కిందికి తిరిగి ఉంటాయని కూడా. ఇలా రాసివ్వడం ఎందుకు ముఖ్యమో కాలిఫోర్నియా యూబా సిటీ గురుద్వారా కేసు చెబుతుంది. మొదట రెండెకరాలలోపు స్థలంలో అడిగితే ఇళ్ల మధ్య శబ్దం, ట్రాఫిక్ అని సటర్ కౌంటీ కాదంది. పొలాల మధ్య 28.79 ఎకరాలు కొని 75 మందికి అడిగితే, ప్లానింగ్ కమిషన్ ఒప్పుకున్నా కౌంటీని పాలించే సూపర్‌వైజర్లు ఊరికి దూరం అని కొట్టేశారు. సిక్కు సొసైటీ అడిగిన ప్రతి షరతుకూ ఒప్పుకుంది, దాన్ని కౌంటీ పట్టించుకోలేదు అన్నది 2006లో అప్పీళ్ల కోర్టు వాళ్లవైపు తీర్పు ఇవ్వడానికి ఒక ముఖ్య కారణం.

స్కూలు పార్కింగ్ గురించి ఇంకో మాట. ప్రభుత్వ బడి తన హాలును, స్థలాన్ని బయటి సంస్థలకు అద్దెకిస్తుంటే, మతసంస్థ అన్న కారణంతో మీకు లేదనకూడదు. 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ఉచితంగా అడక్కండి. స్కౌట్లు కట్టే అద్దే మీరూ కట్టాలి, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

బోర్డు పర్మిట్ కాదంటే కారణాలు రాతలో అడగండి. రాష్ట్ర కోర్టు అప్పీలు గడువు చాలా తక్కువ, పెన్సిల్వేనియాలో 30 రోజులు, న్యూజెర్సీలో 45. ఆర్‌లూపా కేసు ఫెడరల్ కోర్టులో తర్వాతైనా వేయొచ్చు కదా అని ఈ గడువు దాటనివ్వకండి.

పర్మిట్ వచ్చాక బిల్డింగ్ కోడ్. ఇక్కడ మతం ప్రసక్తి లేదు, మినహాయింపు కోసం వాదించడం వృథా. జనం చేరే హాలుగా లెక్కవేస్తారు. 300 మంది, ఆపైన ఉన్నా, 12,000 చదరపు అడుగులు దాటినా మంటలార్పే స్ప్రింక్లర్లు కావాలి. రాజగోపురం ఎత్తు చూసుకోవాలి. ఇళ్ల జోన్‌లో 35 అడుగుల పరిమితి మామూలు. చాలా కోడ్‌లలో చర్చి శిఖరాలకు, గంటస్తంభాలకు మినహాయింపు ఉంటుంది. గోపురం, విమానం లోపల మనుషులు ఉండరు కాబట్టి ఆ మాట కిందికే వస్తాయని డ్రాయింగ్‌తో సహా చూపించాలి. చర్చికిచ్చి గుడికివ్వనంటే అది ఆర్‌లూపా సంగతి అవుతుంది.

హోమానికి వేరే యాగశాల కట్టి, పొగ నేరుగా పైకి పోయే ఎగ్జాస్టు పెట్టండి. ఫైర్ కోడ్‌లో మతక్రతువులకు తావు ఉంది. అయినా ఫైర్ మార్షల్‌ను ముందే పిలిచి కుండం కొలతలు, నెయ్యి, సమిధల పరిమాణం చూపిస్తే మంచిది. ఆయన భయం మంట గురించే, అగ్నిదేవుడి గురించి కాదు. హోమం ఉన్నరోజు అలారం కంపెనీకి ఫోన్ చేయడం ఒకరి బాధ్యతగా పెట్టండి, లేదంటే పూర్ణాహుతి సమయానికి ఫైరింజన్ గేటు దగ్గరుంటుంది. డిజైన్‌లో తరచూ మరిచిపోయేది అభిషేక జలం. పాలు, పెరుగు, తేనె కలిసిన నీళ్లు గోముఖం నుంచి వానకాలువలోకి పోతే కాలుష్యం కింద నోటీసు వస్తుంది. గర్భగుడి స్లాబు పోసేముందే ఆ పైపును శానిటరీ (మురుగునీటి) లైనుకు కలపాలి. రాతి పీఠం వేశాక పగలగొట్టడం సాధ్యం కాదు.

అర్చకులకు మత ఉద్యోగులకిచ్చే ఆర్-1 వీసా. దానికి గుడి ఫారం ఐ-129 దరఖాస్తు పెడుతుంది. అర్చకుడు కనీసం రెండేళ్లుగా ఆ సంప్రదాయంలో ఉన్నట్టు, వారానికి కనీసం 20 గంటల పని ఉన్నట్టు, జీతమో వసతి భోజనాలో ఇవ్వగల శక్తి గుడికి ఉన్నట్టు చూపాలి. అధికారులు వచ్చి గుడి చూస్తారు. మొదట 30 నెలల దాకా, మొత్తం ఐదేళ్లు. శుభ్రం చేసేవాళ్లను, ఆఫీసు పనివాళ్లను, విరాళాలు సేకరించేవాళ్లను ఈ వీసా మీద తేకూడదు. అర్చకుణ్ని పిలిపించి పెయింటింగు పని చేయించడం వీసా నియమాలకు విరుద్ధం, మహాపాపం కూడా. ఎవరిని అర్చకుడిగా పెట్టుకోవాలి, ఎవరిని వద్దనాలి అన్నదాంట్లో ప్రభుత్వం తలదూర్చదు, 2012 తీర్పు ఆ హక్కును గట్టి చేసింది. ఆ హక్కును జీతం ఎగ్గొట్టడానికి వాడుకోకూడదు.

ఆస్తిపన్ను మినహాయింపు దానంతటదే రాదు. ఐఆర్‌ఎస్ ఉత్తరం ఉన్నా కౌంటీలో వేరే దరఖాస్తు పెట్టాలి. అసలు ఈ మినహాయింపు ప్రభుత్వం మతానికి సాయం చేసినట్టు కాదా అని 1970లోనే కేసు నడిచింది, చెల్లుతుందని తీర్పు వచ్చింది. ఖాళీగా ఉన్న మిగులు భూమికి, అద్దెకిచ్చే హాలుకు చాలాచోట్ల వర్తించదు, విడిగా లెక్క చూపాలి. దాతలకు 250 డాలర్లు, ఆపైన ఇచ్చినదానికి రాతపూర్వక రసీదు ఇవ్వాలి. ప్రతిగా ఆధ్యాత్మిక ప్రయోజనం తప్ప వస్తువులు, సేవలు ఏవీ ఇవ్వలేదన్న వాక్యం అందులో ఉండాలి. విందు టికెట్లు, చీరల వేలం దీని కిందికి రావు.

ప్రభుత్వ గ్రాంట్లు మతసంస్థలకు ఎంతవరకు ఇవ్వొచ్చన్న గీత కొంత జరిగింది. మిస్సోరీలో ఒక చర్చి బడి ఆటస్థలానికి రబ్బరు పరిచే గ్రాంటు నిరాకరించడం తప్పని 2017లో సుప్రీంకోర్టు అంది. గుడికి కెమెరాలు, గేట్లు పెట్టుకోవడానికి ఫెడరల్ భద్రతా గ్రాంటుకు మనవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు. ఖర్చు లెక్క, ఆడిట్ మాత్రం వదలరు.

చివరిగా ఎన్నికలు, మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది ఇదే. 1954 నుంచి 501సి3 సంస్థ ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయకూడదు. 2025 జులైలో ఒక కేసులో, ప్రార్థనలో భాగంగా తమ భక్తులతో మాట్లాడే మాటలు దీని కిందికి రావని ఐఆర్‌ఎస్ కోర్టుకు రాసిచ్చింది. దాన్ని నమ్ముకుని మైకు ఇవ్వకండి. చట్టంలో అక్షరం మారలేదు. అభ్యర్థి దర్శనానికి వస్తే తీర్థం, శఠగోపం అందరికిచ్చినట్టే ఇవ్వండి. ట్రస్టీలు సొంత పేరుమీద ఎవరికైనా మద్దతివ్వొచ్చు, గుడి లెటర్‌హెడ్, ఈమెయిల్ లిస్టు, వాట్సాప్ గ్రూపు వాడకూడదు. ఓటరు నమోదు శిబిరం పెట్టొచ్చు, ఏ పార్టీ అని అడక్కూడదు. దీపావళి వేదికమీద ఒక అభ్యర్థిని మాట్లాడించాలనుకుంటే, అదే పదవికి పోటీలో ఉన్నవాళ్లందరికీ ఒకే రోజు ఒకే రకం ఆహ్వానం పంపండి, అందరికీ ఒకే సమయం ఇవ్వండి, ఆ ఉత్తరాల కాపీలు గుడి ఫైల్లో పెట్టండి.